రెడ్ లైట్ దగ్గర కలిసే మనుషులు

ఉదయం ఎనిమిదిన్నర. పెద్ద కూడలిలో రెడ్ లైట్ పడింది. కార్ల వరస పక్కనుంచి మెల్లగా వచ్చిన ఒక సైకిల్ ముందుకెళ్లి ఆగింది. ఒక కాలు నేల మీద, ఇంకో కాలు పెడల్ మీద. కాసేపటికి మరో సైకిల్ వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. అయినా నెల రోజులుగా ఇదే టైముకి, ఇదే లైటు దగ్గర చూసుకుంటున్నారు. రెండో మనిషి మొదటి సైకిల్ వెనక చక్రం వైపు ఓసారి చూసి, "గాలి బాగా తగ్గినట్టుందండీ" అంటాడు. "అవునా, పొద్దున చూసుకోలేదు." గ్రీన్ పడుతుంది. ఎవరి దారి వాళ్లది.

నగరంలో రోజూ సైకిల్ మీద పనికి వెళ్లొచ్చేవాళ్ల మధ్య స్నేహం చాలావరకు ఇలాగే ఉంటుంది. సంఘం, సభ్యత్వం, జెండా ఉండవు. అదే లైటు దగ్గర ఆగిన కార్లలో ఒకాయన అద్దం దించి పక్క కారాయనతో టైర్ల గురించి మాట్లాడటం మాత్రం అరుదు. సైకిల్‌కి తలుపుల్లేవు, అద్దాల్లేవు, మనిషి మొహం కనిపిస్తుంది, ఆయాసం కూడా వినిపిస్తుంది, అందుకే పలకరింపు పుడుతుందని చాలామంది అంటారు. అందులో నిజం ఉంది, కాకపోతే సగమే. లిఫ్టులో కూడా మొహాలు కనిపిస్తాయి. అక్కడ అందరూ అంకెల వైపు చూస్తూ నిలబడతారు.

మిగతా సగం అవసరం. ప్రపంచంలో చాలా నగరాల రోడ్లు సైకిల్‌ని లెక్కలో పెట్టుకుని వేసినవి కావు. ఏ సందులోంచి వెళ్తే లారీలు తగలవో బోర్డు చెప్పదు. బండి నిలబెట్టడానికి చోటుండదు. చైను తెగితే వచ్చి సాయం చేసే వ్యవస్థ లేదు. ఆ ఖాళీలన్నీ పక్కన తొక్కేవాళ్లే పూడుస్తారు. కాబట్టి ఒక ఊళ్లో సైకిల్‌వాళ్లు ఒకరినొకరు ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నారో చూస్తే, ఆ ఊరి రోడ్లు వాళ్లనెంత వదిలేశాయో చెప్పేయొచ్చు. ఈ మాట కాస్త మొరటుగా వినిపించినా, సైకిల్‌కి పేరుపడ్డ నగరాలను చూశాక కాదనడం కష్టం.

ఐదు కిలోమీటర్ల లెక్క

ముందు అసలు ప్రయాణం సంగతి. ఆదివారం పొద్దున్నే ఎనభై కిలోమీటర్లు తొక్కడం వేరు, రోజూ పనికి వెళ్లిరావడం వేరు. రెండోదానిలో బండి బరువు, బట్టల రకం, సగటు వేగం ఇవేవీ పెద్దగా లెక్కలోకి రావు. ఐదు కిలోమీటర్ల దూరాన్ని గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు రేపూ ఇరవయ్యే, ఎల్లుండీ ఇరవయ్యే. కారులో అదే దూరం ఒకరోజు పన్నెండు నిమిషాలు, ఇంకో రోజు నలభై. రోజూ తొక్కేవాళ్లు సైకిల్‌ని వదలకపోవడానికి అది వేగంగా వెళ్లడం కారణం కాదు, ఎంతసేపు పడుతుందో ముందే తెలియడం కారణం. మీటింగ్ తొమ్మిదింటికైతే ఎనిమిదీ ముప్పై అయిదుకి బయల్దేరితే చాలు, టెన్షన్ లేదు.

కొత్తవాళ్లను ఆపేసే మొదటి ప్రశ్న చెమట. దీనికి పాత సైకిల్‌వాళ్లు ఇచ్చే జవాబు ఒక్కటే: మెల్లగా తొక్కండి. ఇదేదో ఓదార్పు మాట కాదు, లెక్క ప్రకారం చెప్పేదే. గాలిని చీల్చుకుంటూ వెళ్లడానికి పెట్టాల్సిన శక్తి వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. గంటకు ఇరవై అయిదు నుంచి ఇరవైకి తగ్గితే ఆ శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. ఐదు కిలోమీటర్లలో దానివల్ల పోయేది మూడు నిమిషాలు. మూడు నిమిషాలు ముందు బయల్దేరితే చొక్కా పొడిగా ఉంటుంది. వీపుకి తగిలించుకున్న బ్యాగుని క్యారియర్ మీదికి మారిస్తే ఇంకాస్త మేలు. కొత్తలో అందరూ చేసే తప్పు ఒకటే, పక్కనున్న మోటారు బళ్లతో సమానంగా పోవాలని చూడటం.

ఇంకో లెక్క కూడా ఉంది, ఇది బయటివాళ్లకు అంతగా తెలియదు. మనిషీ బండీ కలిపి తొంభై కిలోల బరువు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. బ్రేకు వేసి పూర్తిగా ఆగి, మళ్లీ ఆ వేగం అందుకోవడానికి పట్టే శక్తి, చదునైన రోడ్డు మీద దాదాపు ఎనభై మీటర్లు అదనంగా తొక్కినంత. దారిలో పన్నెండు సిగ్నళ్లుంటే కిలోమీటరు దూరం పెరిగినట్టే. సైకిల్ తొక్కేవాళ్లు ఆగడానికి ఎందుకంత విసుక్కుంటారో, ఒక సందు చుట్టూ తిరిగైనా సిగ్నల్ తప్పించుకోవాలని ఎందుకు చూస్తారో ఇక్కడ అర్థమవుతుంది. కారులో ఉన్నవాడికి ఆగడమంటే కాలు కాస్త అటు నుంచి ఇటు జరపడం.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ ఈ సంగతి పట్టించుకున్న నగరాల్లో ఒకటి. అక్కడ నోరెబ్రోగేడ్ అనే రద్దీ రోడ్డు మీద సిగ్నళ్లన్నిటినీ గంటకు ఇరవై కిలోమీటర్ల వేగానికి కట్టారు. పొద్దున నగరం లోపలికి వెళ్లేవైపు, సాయంత్రం బయటికి వచ్చేవైపు ఆ వేగంతో తొక్కుతూ పోతే వరసగా అన్నీ గ్రీన్లే. దాన్ని గ్రీన్ వేవ్ అంటారు.

ఆరోగ్యం గురించి ఒక్క ముక్క చాలు. బ్రిటన్‌లో 2,63,450 మందిని గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, నడకా సైకిలూ లేకుండా పనికి వెళ్లేవాళ్లతో పోలిస్తే సైకిల్ మీద వెళ్లేవాళ్లలో ఆ కాలంలో చనిపోయే ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. సైకిల్ తొక్కగలిగినవాళ్లు మొదటి నుంచే ఆరోగ్యవంతులై ఉండొచ్చన్న అనుమానాన్ని ఇలాంటి అధ్యయనం పూర్తిగా తీర్చలేదు. ఏదేమైనా, రోజూ తొక్కేవాళ్లలో గుండె కోసం తొక్కేవాళ్లకన్నా టైముకి చేరడం కోసం తొక్కేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

తలలో ఉండే మ్యాపు

ఫోన్‌లో మ్యాపు తెరిచి దగ్గరి దారి అడిగితే అది చెబుతుంది. ఆ దారిలో తొక్కితే రెండో రోజుకే సైకిల్ మానేయాలనిపిస్తుంది. ఎందుకంటే సైకిల్‌వాడికి కావాల్సింది దగ్గరి దారి కాదు. ఏ రోడ్డులో పార్క్ చేసిన కార్ల తలుపులు హఠాత్తుగా తెరుచుకుంటాయి, ఏ మలుపులో బస్సులు అంచుకు నెట్టేస్తాయి, ఏ వీధిలో పొద్దున ఎదురెండ కళ్లలో కొడుతుంది (అంటే వెనకొచ్చే డ్రైవరుకి కూడా కళ్లు కనబడవు), ఏ మురుగు కాలువ జాలీ ఊచలు దారికి అడ్డంగా కాక పొడవునా ఉన్నాయి, ఇవి కావాలి.

ఆ జాలీ సంగతి కాస్త దగ్గరగా చూడాలి. ఇనప ఊచల మధ్య సందు రెండు, మూడు సెంటీమీటర్లు ఉంటుంది. సన్నటి సైకిల్ టైరు వెడల్పూ అంతే. ఊచలు రోడ్డుకి అడ్డంగా ఉంటే చక్రం వాటి మీదుగా టకటకమంటూ దాటిపోతుంది. పొడవునా ఉంటే ముందు చక్రం సందులోకి దిగి బిగుసుకుంటుంది, బండి అక్కడే ఆగుతుంది, మనిషి మాత్రం ఆగడు. ట్రామ్ పట్టాలదీ ఇదే కథ. వాటిని వీలైనంత అడ్డంగా దాటాలి, ఏటవాలుగా దాటితే చక్రం గాడిలో పడుతుంది. వాన పడితే ఇనప మూతలూ, రోడ్డు మీద తెల్ల రంగు గీతలూ సబ్బు పూసినట్టు అవుతాయి. ఇవన్నీ ఒక్కొక్కటిగా పడుతూ లేస్తూ నేర్చుకోవచ్చు. లేదా తెలిసినవాళ్ల వెనకాల రెండు రోజులు తొక్కొచ్చు.

సైకిల్‌వాళ్ల మధ్య చేతులు మారే వాటిలో అన్నిటికన్నా విలువైనది ఈ దారి జ్ఞానమే. "స్కూలు వెనక సందులోంచి రండి, రెండు నిమిషాలు ఎక్కువైనా లారీలుండవు" అని ఒకరు చెప్పిన ముక్క కొత్తమనిషిని మూడో వారం దాకా లాక్కొస్తుంది. మూడు వారాలు నిలబడితే చాలావరకు నిలబడిపోయినట్టే. ముందు తొక్కేవాడు గుంత రాగానే చెయ్యి కిందికి చూపించడం, ఆగబోతుంటే అరచెయ్యి పైకెత్తడం లాంటి సైగలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. వెనక తొక్కుతూ తొక్కుతూ వచ్చేస్తాయి.

తలుపుల సంగతి మాత్రం కార్లవాళ్లు నేర్చుకోవాల్సింది. పార్క్ చేసిన కారుకి కనీసం మీటరు దూరంలో తొక్కమని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. అలా తొక్కితే వెనకవాళ్లు హారన్ కొడతారు, రోడ్డు మధ్యలో తొక్కుతున్నాడని తిడతారు. కారు లోపలివాళ్లు తలుపుకి దగ్గరున్న చేత్తో కాకుండా అవతలి చేత్తో తీస్తే ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, కళ్లు వెనక్కి పోతాయి, వస్తున్న సైకిల్ కనిపిస్తుంది. దీనికి డచ్ రీచ్ అని పేరు. బ్రిటన్ 2022లో తన రహదారి నియమావళిని సవరించినప్పుడు ఈ సలహానూ, గంటకు 30 మైళ్ల లోపు వేగంలో సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఉంచాలన్న మాటనూ చేర్చింది.

ఆ ఎడం ఎలా మారుతుందో కొలవడానికి ఇయన్ వాకర్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త సెన్సర్ బిగించిన సైకిల్ మీద తనే తిరిగాడు. 2007లో ఫలితాలు ప్రచురించాడు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు బళ్లు కాస్త దగ్గరగా దాటాయని, పొడవాటి జుట్టున్న విగ్గు పెట్టుకుని వెనకనుంచి ఆడమనిషిలా కనిపించినప్పుడు ఇంకాస్త ఎడంగా వెళ్లాయని అందులో రాశాడు. హెల్మెట్ సంగతి మీద తర్వాత వేరే పరిశోధకులు అదే డేటా తీసుకుని అభ్యంతరాలు చెప్పారు, ఆ వాదన ఇంకా తెగలేదు. విగ్గు పెట్టుకుని రోడ్ల మీద తిరిగిన ప్రొఫెసర్ మాత్రం సైకిల్‌వాళ్లందరికీ గుర్తుండిపోయాడు.

భయం ఎవరికి, ఎంత

సైకిల్ తొక్కనివాళ్లంతా సైకిలంటే ఇష్టం లేనివాళ్లు కారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సైకిల్ వ్యవహారాలు చూసిన రోజర్ గెల్లర్ అనే అధికారి 2006లో ఊరి జనాన్ని నాలుగు రకాలుగా విడదీశాడు. ఏ రోడ్డైనా లెక్కచేయకుండా తొక్కేవాళ్లు ఒక శాతం లోపే. సైకిల్ లేన్లుంటే ధైర్యంగా తొక్కేవాళ్లు 7 శాతం. ఏం చేసినా తొక్కనివాళ్లు 33 శాతం. మిగిలిన 60 శాతం మంది తొక్కాలనే అనుకుంటారు, ట్రాఫిక్‌ని చూసి భయపడతారు. అప్పటికి ఇవి ఆయన వేసిన అంచనాలే. తర్వాత చేసిన సర్వేలు ఆ అంకెలకు దూరంగా పోలేదు.

ఆ అరవై శాతం మందిని రోడ్డు మీదికి తెచ్చేది ఏమిటి? ధైర్యం చెప్పడం వల్ల వాళ్లు రారు. భయం వాళ్ల బలహీనత కాదు, రోడ్డుని ఉన్నదున్నట్టు చూడటం. అయితే ఒక మెలిక ఉంది. తొక్కేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికీ ప్రమాదం తగ్గుతుంది. పీటర్ జాకబ్సన్ 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం సైకిల్ తొక్కేవాళ్ల సంఖ్య రెట్టింపైతే ప్రమాదాలు రెట్టింపు కావు, మూడో వంతు మాత్రం పెరుగుతాయి. అంటే ఒక్కో మనిషికి ముప్పు మూడో వంతు దాకా తగ్గినట్టు. కారణంగా ఆయన చెప్పింది డ్రైవర్ల అలవాటు: రోజూ సైకిళ్లు కనిపిస్తుంటే మలుపు దగ్గర కన్ను వాటిని వెతుకుతుంది. ఎప్పుడో ఒకటి కనిపిస్తే కన్ను దాని మీదుగా జారిపోతుంది.

దీన్ని తిరగేసి చదివేవాళ్లూ ఉన్నారు. మనుషులు పెరిగాక రోడ్డు భద్రమైందా, రోడ్డు బాగుపడ్డాక మనుషులు పెరిగారా? నిజాయతీగా చెప్పాలంటే రెండూ ఒకదాన్నొకటి తోస్తాయి, విడదీయడం తేలిక కాదు. పైగా "ముందు అందరూ తొక్కండి, ఆ తర్వాత అదే భద్రమవుతుంది" అని నగరపాలకులు చెబితే అది తప్పించుకోవడమే. ఆ మొదటి నూరుమంది ఎవరు, ఎవరి ఒంటి మీద ఆ ప్రయోగం జరగాలి?

ఎంతమంది తొక్కుతున్నారన్నదాని కన్నా ఎవరు తొక్కుతున్నారన్నది మంచి కొలత. నెదర్లాండ్స్‌లో సైకిల్ ప్రయాణాల్లో సగానికి మించి ఆడవాళ్లవే. సైకిల్ తక్కువగా వాడే అమెరికా లాంటి దేశాల్లో వాళ్ల వాటా పాతిక శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఆడవాళ్లూ, పిల్లలూ, ముసలివాళ్లూ కనిపించని రోడ్డు మీద ఎంత సైకిల్ ఉత్సాహం కనిపించినా అది ఆ ఏడెనిమిది శాతం మంది సందడే.

గుంపుగా కదలడం

1992 సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం శాన్ ఫ్రాన్సిస్కోలో సుమారు యాభై మంది ఆఫీసుల నుంచి ఇళ్లకు కలిసి సైకిళ్ల మీద బయల్దేరారు. మొదట దానికి కమ్యూట్ క్లాట్ అని పేరు పెట్టారు, ట్రాఫిక్‌లో గడ్డకట్టిన ముద్ద అని వెటకారం. తర్వాత క్రిటికల్ మాస్ అన్న పేరు నిలిచింది. చైనా నగరాల్లో సిగ్నల్ లేని కూడళ్ల దగ్గర సైకిళ్లు పోగవుతూ పోగవుతూ, సరిపడా గుంపు చేరగానే ఒక్కసారిగా రోడ్డు దాటేవి. ఆ దృశ్యం నుంచి వచ్చిన మాట అది. నెలాఖరు శుక్రవారం ఊరేగింపు ప్రపంచమంతా పాకింది. బుడాపెస్ట్‌లో పదుల వేల మంది వచ్చిన సందర్భాలున్నాయి. గుంపు చీలకుండా కొందరు ముందే వెళ్లి అడ్డరోడ్ల మీద కార్లకు ఎదురుగా సైకిల్ అడ్డం పెట్టి నిలబడతారు. దాన్ని కార్కింగ్ అంటారు, సీసాకి బిరడా పెట్టినట్టు.

దీనివల్ల మేలు జరిగిందా? గుంపులో తొక్కినవాళ్లకు జరిగింది. నెలకు ఒక గంటైనా రోడ్డంతా తమదే అయినప్పుడు ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసింది, పక్కవాళ్లు పరిచయమయ్యారు. సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాలు ఇరుక్కున్న బస్సులోని మనిషికి మాత్రం సైకిల్ మీద ప్రేమ పుట్టి ఉండదు. రోజూ పనికి వెళ్లొచ్చేవాళ్లలో చాలామంది ఇలాంటి ఊరేగింపులకు దూరంగా ఉంటారు. వాళ్లకు సోమవారం మళ్లీ అదే డ్రైవర్ల పక్కన తొక్కాలి మరి.

దీనికి పూర్తిగా వేరే రకం బైక్ బస్. పేరులో బస్సుంది గానీ ఇంజన్ లేదు. ఒక దారి, ఒక టైము పెట్టుకుంటారు. పెద్దవాళ్లు ముందొకరు, వెనకొకరు, పక్కన ఒకరిద్దరు. మధ్యలో పిల్లలు. ఒక్కో మూలమలుపు దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చి కలుస్తారు, బడి దాకా గుంపు పెరుగుతూ పోతుంది. బార్సిలోనాలో 2021లో మొదలైన శుక్రవారపు బైక్ బస్సుల వీడియోలు చాలా దేశాలకు చేరాయి. రోడ్డు నిండా పిల్లలు, వెనక ఓపిగ్గా వస్తున్న కార్లు. ఊరేగింపుని తిట్టిన నోరే దీన్ని చూసి నవ్వుతుంది. రెండూ చేసే పని నిజానికి ఒకటే, గుంపుతో రోడ్డుని ఆపడం. ఎవరు ఆపుతున్నారన్నదే తేడా.

ఇంకోచోట గుంపు కదలకుండా కూర్చుంటుంది. లాస్ ఏంజలెస్‌లో 2000ల తొలి సంవత్సరాల్లో ఒక అపార్ట్‌మెంట్ వంటగదిలో సైకిళ్లు బాగుచేసుకోవడం మొదలుపెట్టారు, దానికి బైసికిల్ కిచెన్ అనే పేరే ఉండిపోయింది. ఇలాంటివి ఇప్పుడు చాలా నగరాల్లో ఉన్నాయి. పద్ధతి ఏమిటంటే, అక్కడివాళ్లు బండి బాగుచేసి ఇవ్వరు. పానాలు చేతికిచ్చి పక్కన నిలబడతారు.

పంక్చరు వేయడం నేర్పే తీరు చూస్తే ఇది ఎంత తేడానో తెలుస్తుంది. ట్యూబుకి గాలి కొట్టి నీళ్లలో ముంచి బుడగలొచ్చేచోటు పట్టుకోవడం, అక్కడ గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ రాసి ఆరేదాకా ఆగి ప్యాచ్ అంటించడం ఎవరైనా చేస్తారు. తెలిసినవాళ్లు ఒక్క క్షణం ఆపి, "టైరు లోపల చెయ్యి పెట్టి చూశారా?" అంటారు. వేలి కొసతో టైరు లోపలివైపు చుట్టూ మెల్లగా తడమాలి. గాజుముక్కో, ముల్లు మొనో ఇంకా అక్కడే ఉంటే కొత్త ప్యాచ్ అంటించిన ట్యూబు సాయంత్రానికి మళ్లీ చదునవుతుంది. చైను అరిగిందో లేదో చూడటానికి ఒక మామూలు స్కేలు చాలు. సైకిల్ చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం. ఇరవై నాలుగు లింకులు కొలిస్తే కచ్చితంగా పన్నెండు అంగుళాలు రావాలి. అంతకన్నా అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చేయాలి. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే వెనక పళ్ల చక్రం కూడా అరిగిపోయి ఖర్చు రెండింతలవుతుంది. ఇలాంటి ముక్కలు పుస్తకాల్లోనూ ఉంటాయి. జిడ్డు చేతులతో పక్కన నిలబడి ఎవరో చెప్పినప్పుడే అవి నిలుస్తాయి.

అందరూ ఒకటేనా

సైకిల్‌వాళ్లంతా ఒక్క కుటుంబం అన్న మాట వినడానికి బాగుంటుంది. నిజానికి ఊళ్లో అందరికన్నా ఎక్కువ కిలోమీటర్లు తొక్కేది తిండి పార్శిళ్లు మోసే కుర్రాళ్లూ, తెల్లవారుజామున షిఫ్టుకి వెళ్లే కూలీలూ. బస్సు మొదలవకముందే వాళ్లు రోడ్డు మీదుంటారు. సైకిల్ లేన్ల మీద చర్చకు పిలిచిన సమావేశం సాయంత్రం ఆరింటికైతే అది వాళ్లకు పని టైము. సైకిల్ వాళ్లకు ఇష్టమో ఉద్యమమో కాదు, వేరే దారి లేక ఎక్కిన బండి. సైకిల్‌వాళ్ల కోరికల పట్టీలు ఎక్కువగా ఆఫీసు ఉద్యోగుల దారుల చుట్టూ తిరగడానికి కారణం ఇదే. గోదాముల వైపు, ఫ్యాక్టరీల వైపు వెళ్లే చీకటి రోడ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ.

లోపలి గొడవలూ తక్కువేం కాదు. బిగుతు బట్టలు, సన్న టైర్ల వాళ్లకీ బుట్ట సైకిల్ వాళ్లకీ పడదు. బ్యాటరీ సైకిళ్లు వచ్చాక ఇంకో తగువు. యూరోపియన్ యూనియన్‌లో మామూలు ఎలక్ట్రిక్ సైకిల్‌కి మోటారు 250 వాట్లు మించకూడదు, గంటకు 25 కిలోమీటర్లు దాటాక మోటారు సాయం ఆగిపోవాలి. ఆ హద్దు తీసేసిన బళ్లు సైకిల్ లేన్‌లో దూసుకుపోతుంటే, ఇన్నాళ్లూ కార్లవాళ్ల మీద చేసిన ఫిర్యాదే ఇప్పుడు సైకిల్‌వాళ్లు తోటివాళ్ల మీద చేస్తున్నారు.

వీటన్నిటి మధ్యా వాళ్లను ఒకటిగా కట్టేది బయటివాళ్లు వేసే ముద్ర. కారు సిగ్నల్ దాటేస్తే "ఆ కారువాడు చూడు" అంటారు. సైకిల్ సిగ్నల్ దాటేస్తే "ఈ సైకిల్‌వాళ్లింతే" అంటారు. ఒకడి తప్పు అందరి ఖాతాలో పడుతుంది. అందుకే రెడ్ లైట్ దాటేసే సైకిల్‌వాణ్ని అందరికన్నా ముందు తిట్టేది పక్కన ఆగి ఉన్న ఇంకో సైకిల్‌వాడే. అమెరికాలోని ఐడహో రాష్ట్రం 1982లోనే సైకిళ్లకు వేరే నియమం పెట్టింది: స్టాప్ బోర్డు దగ్గర ఎవరూ రావడం లేదని చూసుకుని ఆగకుండా నెమ్మదిగా దాటొచ్చు. పైన చెప్పిన ఎనభై మీటర్ల లెక్క తెలిసినవాళ్లకు ఇందులో న్యాయం కనిపిస్తుంది. తెలియనివాళ్లకు సైకిల్‌వాళ్లకు చేసిన ముద్దులా కనిపిస్తుంది.

పలకరింపులు లేని ఊరు

1883లో నెదర్లాండ్స్‌లో సైకిల్ తొక్కేవాళ్ల సంఘం ఒకటి పుట్టింది. ఏఎన్‌డబ్ల్యూబీ అని దాని పొట్టిపేరు, అందులో డబ్ల్యూ అంటే చక్రం తొక్కేవాళ్లని అర్థం. ఇప్పుడది ఆ దేశంలో కారు దారిలో ఆగిపోతే పిలిచే సంస్థ. సభ్యులు కార్లు కొనుక్కున్నారు, సంఘం వాళ్ల వెంటే వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశం కూడా అందరిలాగే కార్ల కోసం ఊళ్లు తవ్వుకుంది. 1971లో ఒక్క ఏడాదే రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. ఆ తర్వాత "పిల్లల హత్య ఆపండి" అన్న పేరుతో తల్లిదండ్రులు వీధుల్లో కూర్చున్నారు. 1973 చమురు సంక్షోభంలో ఆదివారాలు కార్లు ఆపేస్తే, ఖాళీ రోడ్లు ఎలా ఉంటాయో అందరూ చూశారు.

1975లో కొత్త సైకిల్ సంఘం పెట్టినవాళ్లు దానికి మొట్టమొదటి, ఏకైక, అసలైన సైకిల్ సంఘం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. పాత సంఘాన్ని ఎత్తిపొడవడానికే ఆ పేరు. తర్వాత మార్చుకున్నారు, ఇప్పటి పేరు ఫీట్సర్స్‌బాండ్. ఈరోజు నెదర్లాండ్స్‌లో కనిపించే ఎర్ర సైకిల్ దారులు ఆ ప్రజల రక్తంలో ఉన్న సంస్కృతి అంటారు చాలామంది. కాదు. అవి అడిగి, కొట్లాడి వేయించుకున్నవి.

ఆ పోరాటం గెలిచిన చోట ఏమైందో చూడటానికి ఉట్రెక్ట్ రైల్వే స్టేషన్ కింద ఉన్న సైకిల్ పార్కింగ్‌కి వెళ్లాలి. 2019లో పూర్తయింది, 12,500 సైకిళ్లు పడతాయి. లోపలికి సైకిల్ తొక్కుకుంటూనే వెళ్లొచ్చు, మూడు అంతస్తులు. పొద్దున పూట వందలమంది వస్తారు, బండి రెండంతస్తుల స్టాండులోకి తోస్తారు, రైలుకి పరిగెత్తుతారు. ఎవరూ ఎవరినీ పలకరించరు. పక్కవాడి టైరులో గాలి ఉందో లేదో చూడరు. అక్కడ ఎవరినైనా "మీరు సైకిలిస్టా?" అని అడిగితే వింతగా చూస్తారు. చెంచాతో తినేవాళ్లు తమకు చెంచావాళ్లని పేరు పెట్టుకోరు కదా.

పోయిందాన్ని చూసి బాధపడాలా? అక్కర్లేదనే అనిపిస్తుంది. రెడ్ లైట్ దగ్గర పుట్టిన ఆప్యాయత బాగానే ఉంటుంది, దాని కోసం లారీల పక్కన తొక్కమని మాత్రం ఎవర్నీ అడగలేం. పైగా అక్కడ మాటలు ఆగిపోలేదు, చోటు మారాయి. నెదర్లాండ్స్ చట్టం ఇద్దరు పక్కపక్కన తొక్కడానికి ఒప్పుకుంటుంది, దారులు కూడా అందుకు సరిపడా వెడల్పు. బడినుంచి వచ్చే ఇద్దరు పిల్లలు, ఆఫీసుకెళ్లే భార్యాభర్తలు, పక్కనున్న ఆరేళ్ల పాప వీపు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకి తోసే తల్లి, అందరూ కబుర్లు చెప్పుకుంటూ పోతారు. సైకిల్ గురించి మాట్లాడరు, మనుషులు మామూలుగా మాట్లాడుకునే సంగతులే.

అయినా ఒక పని మాత్రం అక్కడా మిగిలింది. ఫీట్సర్స్‌బాండ్ నడిపే దారుల మ్యాపుని వలంటీర్లు తయారు చేస్తారు. ఒక్కో వీధి తీసుకుని తారా, ఇటుకా, మట్టా, ఎగుడుదిగుడా, రాత్రి దీపాలున్నాయా, కార్ల గోల ఎంత అని నమోదు చేస్తారు. వీధి మారితే ఎంట్రీ మారుస్తారు. ఎవరో తెలియని మనిషి రేపు చీకటి పడ్డాక ఆ వీధిలోంచి ఇంటికి వెళ్లాలనుకుంటాడు, అక్కడ దీపం లేదని అతనికి ముందే తెలిసి ఉంటుంది.